ప్రింటరు సెట్టింగుల పేజీ మొరాయించినప్పుడు: ఇంటి కంప్యూటరులో కప్స్‌ను సరిచేసుకునే పద్ధతి

లినక్స్ వాడే ఇంటి కంప్యూటరుకు ప్రింటరు తగిలించుకున్న ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఒక చిరునామాతో పని పడుతుంది. బ్రౌజరు పైనున్న పట్టీలో లోకల్‌హోస్ట్ అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదలకుండా రెండు చుక్కలు పెట్టి, 631 అని టైపు చేసి ఎంటరు నొక్కితే, ప్రింటర్లను చేర్చుకోవడానికి, తీసివేయడానికి, ఆగిపోయిన పనులను కదిలించడానికి వీలిచ్చే ఒక పేజీ తెరుచుకుంటుంది. ఇది ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న సైటు కాదు. మన కంప్యూటరులోనే నడుస్తున్న కప్స్ అనే సర్వీసు మనకు చూపించే పేజీ. అందుకే ఇంట్లో నెట్ లేకపోయినా ఇది తెరుచుకోవాలి. మైఖేల్ స్వీట్ 1997లో ఈ కప్స్ తయారీ మొదలుపెట్టారు. 2007లో దాని హక్కులను ఆపిల్ సంస్థ కొనుగోలు చేసింది. ఈనాడు ఉబుంటు, డెబియన్, ఫెడోరా వంటి లినక్స్ రకాల్లో వచ్చే కప్స్‌ను ఓపెన్‌ప్రింటింగ్ అనే స్వచ్ఛంద బృందం చూసుకుంటోంది.

శ్రీకాకుళంలో మా ఇంట్లోనూ, నరసన్నపేటలో మా చిన్నాన్న ఇంట్లోనూ ఉన్న పాత కంప్యూటర్లకు నేనే ఉబుంటు వేశాను. కాబట్టి వాటి ప్రింటర్లు మొండికేసినప్పుడు సరిచేసే బాధ్యత కూడా నాదే అయింది. ఒక సాయంత్రం చెల్లి దరఖాస్తు మర్నాడు ఉదయానికల్లా ఇవ్వవలసి ఉండగా చిన్నాన్న ఫోను చేశారు.

"ఒరే నాన్నా, కరెంటు పోయొచ్చింది గదా, అప్పట్నుంచీ కాగితం రావట్లేదు. నువ్వు సెప్పిన పేజీ కూడా రావట్లేదు. మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించీమంటావేటి?"

"వద్దు చిన్నాన్నా, ఏదీ తీసెయ్యకు. ముందు తెర మీద ఏం రాసుందో ఉన్నదున్నట్టు ఒక్కో మాటా చదువు."

ఆయన ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివారు. ఆ నాలుగు మాటల్లోనే తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. ఈ వ్యాసమంతటికీ ఆధారం అదే. పేజీ అసలు తెరుచుకోకపోవడం, తెరుచుకొని లోపలికి రానివ్వకపోవడం, లోపలికి రానిచ్చి కూడా కాగితం బయటికి పంపకపోవడం అనేవి మూడు వేర్వేరు జబ్బులు. మూడింటికీ మందులు వేరు. వీటిలో ఏది వచ్చిందో తేల్చుకోకుండా ప్రింటరును తొలగించి మళ్లీ చేర్చేవారు, అంతవరకు బాగున్న భాగాన్ని కూడా చెడగొట్టుకుంటారు.

కమాండ్ల గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. వాటిని ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. కమాండ్లు టైపు చేసే కిటికీ అయిన టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలతో టైపు చేయాలి. పెద్దబడి అక్షరం అవసరమైన చోట ఆ సంగతి చెప్తాను. సుడో అంటే ఎస్, యు, డి, ఓ; కమాండును నిర్వాహకుడి అధికారంతో నడిపించే మాట అది. కప్స్ అంటే సి, యు, పి, ఎస్. సిస్టమ్‌సీటీఎల్ అంటే సిస్టమ్ అనే మాటకు ఖాళీ వదలకుండా సి, టి, ఎల్ చేర్చాలి. సుడోతో మొదలయ్యే కమాండు ఇచ్చినప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. టైపు చేస్తున్నప్పుడు తెర మీద చుక్కలు కూడా పడకపోవచ్చు. కీబోర్డు పనిచేయడం లేదని కంగారుపడకుండా పూర్తిగా టైపు చేసి ఎంటరు నొక్కాలి.

పేజీ అసలు తెరుచుకోనప్పుడు

మొదట చిరునామాను పరీక్షగా చూడాలి. రెండు చుక్కల స్థానంలో చుక్క కింద కామా ఉండే గుర్తు పడినా, మధ్యలో ఖాళీ వచ్చినా, బ్రౌజరు దానిని చిరునామాగా కాక వెతకవలసిన మాటగా తీసుకొని శోధన ఫలితాలు చూపిస్తుంది. అలా వెతుకులాట పేజీ వచ్చిందంటే కప్స్‌లో ఏ తప్పూ లేదు, మన టైపింగులోనే తప్పుంది. చిరునామా ముందు హెచ్‌టీటీపీ, రెండు చుక్కలు, రెండు ఏటవాలు గీతలు చేర్చి రాస్తే ఈ అయోమయం ఉండదు. లోకల్‌హోస్ట్ అనే పేరుకు బదులు 127.0.0.1 అని రాసి, రెండు చుక్కలు పెట్టి 631 చేర్చినా అదే పేజీ రావాలి. అంకెలతో వచ్చి పేరుతో రాకపోతే, కంప్యూటరు ఆ పేరును గుర్తుపట్టలేకపోతోందని అర్థం. అప్పుడు అంకెల చిరునామానే బుక్‌మార్కు చేసి పెట్టుకుంటే పని జరిగిపోతుంది.

చిరునామా సరిగానే ఉండి, అనేబుల్ టు కనెక్ట్ అనో, రిఫ్యూజ్డ్ టు కనెక్ట్ అనో వస్తే, ఆ మాటల అర్థాన్ని పట్టించుకోవాలి. రిఫ్యూజ్డ్ అంటే మనం తలుపు దాకా వెళ్లాం గానీ లోపల పలికేవారు లేరని. అంటే 631 పోర్టు దగ్గర, అంటే కప్స్ పలకవలసిన ఆ 631 నంబరు తలుపు దగ్గర, కప్స్ నడవడం లేదు. అలా కాక చాలాసేపు తిరిగి తిరిగి టైమ్డ్ అవుట్ అని వస్తే, దారిలోనే ఏదో అడ్డుపడుతోందని. ఆఫీసు పని కోసం బ్రౌజరులో ప్రాక్సీ, అంటే నెట్‌కు మధ్యవర్తిగా ఉండే వేరే కంప్యూటరు, పెట్టుకున్నవారికి ఈ రెండోది ఎదురవుతుంది. తన కంప్యూటరులోనే ఉన్న పేజీ కోసం బ్రౌజరు బయటి ప్రాక్సీని అడిగి భంగపడుతుంది. బ్రౌజరు సెట్టింగుల్లో ప్రాక్సీని తీసివేసి గానీ, లోకల్‌హోస్ట్‌ను మినహాయింపుల జాబితాలో చేర్చి గానీ చూడాలి.

చిన్నాన్న చదివి వినిపించినది మొదటి రకం. టెర్మినల్ తెరిపించి, సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కప్స్ అని టైపు చేయించాను. ఈ కమాండు ఇచ్చాక కొన్ని వరుసలు వస్తాయి. వాటిలో యాక్టివ్ అనే మాటతో మొదలయ్యే వరుస ఒక్కటి చూస్తే చాలు. అక్కడ పచ్చరంగులో యాక్టివ్, రన్నింగ్ అని ఉంటే సర్వీసు నడుస్తోంది. ఇనాక్టివ్ అని ఉంటే ఆగి ఉంది. ఎర్రటి అక్షరాల్లో ఫెయిల్డ్ అని ఉంటే మొదలవబోయి పడిపోయింది. ఆగి ఉన్న సర్వీసును సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ కప్స్ అనే కమాండుతో లేపవచ్చు. కంప్యూటరు తెరిచిన ప్రతిసారీ అదే లేవాలంటే స్టార్ట్ స్థానంలో ఎనేబుల్ అని పెట్టి మరొకసారి ఇవ్వాలి. చిన్నాన్న ఇంట్లో ఆగి ఉన్న సర్వీసే కనిపించింది, స్టార్ట్ చేయగానే పేజీ వచ్చింది. కానీ కాగితం రాలేదు. ఆ సంగతికి తరువాత వస్తాను.

ఫెయిల్డ్ అని కనిపిస్తే మాత్రం స్టార్ట్‌ను పదే పదే కొట్టి ప్రయోజనం లేదు. సాధారణంగా సెట్టింగుల ఫైలులో ఎవరో చేసిన మార్పులో అక్షరం పొరపాటు పడి ఉంటుంది. సుడో కప్స్‌డీ -టి అని ఇస్తే, అంటే కప్స్ తరువాత డి అక్షరం చేర్చి, ఖాళీ వదిలి, అడ్డగీత, టి అని ఇస్తే, ఆ ఫైలును చదివి తప్పు ఏ వరుసలో ఉందో చెప్తుంది. ఆ ఫైలు ఈటీసీ ఫోల్డరులోని కప్స్ ఫోల్డరులో కప్స్‌డీ డాట్ కాన్ఫ్ అనే పేరుతో ఉంటుంది. దానిని ముట్టుకునే ముందు పక్కనే ఒక నకలు తీసిపెట్టుకోవాలని గట్టిగా చెప్తాను. నకలు ఉంటే ఎంత పెద్ద పొరపాటునైనా ఒక్క నిమిషంలో వెనక్కు తీసుకోవచ్చు.

ఒక్కొక్కప్పుడు పేజీ వస్తుంది గానీ, అందులో వెబ్ ఇంటర్‌ఫేస్ ఈజ్ డిసేబుల్డ్ అన్న సందేశమే ఉంటుంది. ఇది చెడిపోవడం కాదు. సర్వీసు నడుస్తూనే ఉంది, పేజీ చూపించవద్దన్న సెట్టింగు మాత్రమే ఉంది. ఆపిల్ కంప్యూటర్లలో ఇది మామూలే. కప్స్‌సీటీఎల్ అని రాసి, ఖాళీ వదిలి, వెబ్‌ఇంటర్‌ఫేస్ అనే మాటను కలిపి రాసి, సమానం గుర్తు పెట్టి ఎస్ అని ఇస్తే పేజీ తెరుచుకుంటుంది. ఇక్కడి ఎస్ అంటే అవును అనే అర్థమిచ్చే వై, ఇ, ఎస్. వెబ్‌లోని డబ్ల్యూ, ఇంటర్‌ఫేస్‌లోని ఐ మాత్రం పెద్దబడిలో ఉండాలి.

ఇంట్లో మరో కంప్యూటరు నుంచో, ఫోను నుంచో ఈ పేజీ తెరవబోయి కుదరక విసిగిపోయేవారు కూడా ఉంటారు. కప్స్ సహజంగా తానున్న కంప్యూటరుకే పలుకుతుంది, పక్క గదిలోని ఫోనుకు పలకదు. అది రక్షణ కోసం చేసిన ఏర్పాటు. నిజంగా అవసరమైతే అడ్మినిస్ట్రేషన్ పేజీలో అలో రిమోట్ అడ్మినిస్ట్రేషన్ అన్న గడిలో టిక్కు పెట్టి మార్చుకోవచ్చు. దాని పక్కనే ఉండే, ఇంటర్నెట్ నుంచి ప్రింటు చేయనిచ్చే గడి జోలికి మాత్రం ఇంటి కంప్యూటరులో వెళ్లవద్దు. ప్రింటర్లను తనంతట తానే వెతికిపెట్టే కప్స్-బ్రౌజ్డ్ అనే తోడు సర్వీసులో 2024 సెప్టెంబరులో తీవ్రమైన భద్రతా లోపాలు బయటపడ్డాయి. 631 పోర్టును బయటి ప్రపంచానికి తెరిచి ఉంచిన కంప్యూటర్లకే వాటి వల్ల ఎక్కువ ముప్పు వాటిల్లింది.

పేజీ వచ్చి, లోపలికి రానివ్వనప్పుడు

ప్రింటర్స్, జాబ్స్ అనే పేజీలను ఎవరైనా చూడవచ్చు. ఏదైనా మార్చబోయినప్పుడే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇక్కడ చాలామంది ప్రింటరు పాస్‌వర్డ్ ఏమిటా అని పెట్టె మీదా, వారంటీ కార్డు మీదా వెతుకుతారు. అడిగేది కంప్యూటరులో మన ఖాతా పేరు, దాని పాస్‌వర్డ్. ఖాతా పేరు అంటే లాగిన్ తెర మీద కనిపించే పూర్తి పేరు కాకపోవచ్చు. టెర్మినల్‌లో హూయామ్ఐ అని, అంటే డబ్ల్యూ, హెచ్, ఓ, ఎ, ఎమ్, ఐ అని కలిపి టైపు చేస్తే వచ్చేదే అసలు పేరు. లినక్స్‌లో సర్వాధికారాలున్న ఖాతా పేరైన రూట్ అని రాసి ప్రయత్నించేవారికి ఉబుంటులో దారి దొరకదు, అక్కడ రూట్ ఖాతాకు పాస్‌వర్డే పెట్టి ఉండదు. ఇంట్లోవాళ్లకు సులువుగా ఉంటుందని ఖాతాకు పాస్‌వర్డ్ లేకుండా వదిలేసినవారికి కూడా ఇదే ఇబ్బంది వస్తుంది. ఖాళీ పాస్‌వర్డ్‌ను కప్స్ ఒప్పుకోదు. అటువంటప్పుడు ఆ ఖాతాకు ముందుగా ఒక పాస్‌వర్డ్ పెట్టుకోవాలి.

పేరూ పాస్‌వర్డూ సరిగానే ఇచ్చినా మళ్లీ మళ్లీ అదే పెట్టె వస్తున్నా, చివరికి ఫర్‌బిడెన్ అని వచ్చినా, ఆ ఖాతాకు ప్రింటర్లను మార్చే అధికారం లేదన్నమాట. ఉబుంటు, డెబియన్‌లలో ఈ అధికారం ఎల్‌పీఅడ్మిన్ అనే గుంపులోని వారికే ఉంటుంది. కంప్యూటరులో మొదట సృష్టించిన ఖాతా ఉబుంటులో ఆ గుంపులో ఉంటుంది గానీ, తరువాత పిల్లల కోసమో, ఇంటికి వచ్చిన కోడలి కోసమో చేర్చిన ఖాతాలు ఉండవు. చిన్నాన్న ఇంట్లో చెల్లి ఖాతాకు జరిగింది ఇదే. సుడో యూజర్‌మాడ్ అని రాసి, ఖాళీ వదిలి అడ్డగీత పెట్టి, దానికి అంటించి చిన్నబడి ఎ, పెద్దబడి జి రాసి, మళ్లీ ఖాళీ వదిలి ఎల్‌పీఅడ్మిన్ అని, చివర ఖాతా పేరు రాస్తే సరిపోతుంది. ఆ చిన్నబడి ఎ మరిచిపోకూడదు. అది లేకపోతే, ఆ ఖాతా అంతకుముందున్న గుంపులన్నింటిలోంచీ తొలగిపోయి, సుడో వాడే హక్కు కూడా పోయే ప్రమాదం ఉంది. కమాండు ఇచ్చాక ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రావాలి. ఫెడోరాలో ఎల్‌పీఅడ్మిన్ గుంపు వాడకం లేదు. అక్కడ వీల్ గుంపులోని ఖాతాకు ఈ అధికారం ఉంటుంది.

అప్‌గ్రేడ్ రిక్వైర్డ్ అన్న మాట చూసి కంప్యూటరు పాతబడిందేమో, కొత్తది కొనాలేమో అనుకున్నవారు నాకు తెలుసు. దానికీ కంప్యూటరు వయసుకూ సంబంధం లేదు. పాస్‌వర్డ్ వెళ్లే దారి రహస్య లిపిలో ఉండాలి కాబట్టి, హెచ్‌టీటీపీ చివర ఎస్ చేర్చిన చిరునామాతో రమ్మని కప్స్ అడుగుతోంది, అంతే. అక్కడే ఇచ్చిన లింకు నొక్కితే, ఈ సైటు సురక్షితం కాదంటూ బ్రౌజరు హెచ్చరిస్తుంది. కప్స్ తన ధ్రువపత్రంపై తానే సంతకం చేసుకుంటుంది, దానిని బ్రౌజరు నమ్మదు. చిరునామాలో ఉన్నది లోకల్‌హోస్ట్ అయితే అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు వెళ్లవచ్చు. ఇదే హెచ్చరిక బ్యాంకు సైటులోనో, మరే బయటి సైటులోనో వస్తే మాత్రం ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు. ఈ తేడాను ఇంట్లో పెద్దవాళ్లకు విడమరిచి చెప్పి తీరాలి.

అంతా బాగున్నట్టే ఉండి, కాగితం రానప్పుడు

ఎక్కువమంది ఇక్కడే చిక్కుకుంటారు. మన ప్రాంతంలో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడిన తరువాత మా చుట్టుపక్కల ఇళ్లలో ఇన్వర్టర్ల వాడకం పెరిగింది. కంప్యూటరును ఇన్వర్టరు లైనులో పెడతారు. లేజరు ప్రింటరు టోనరును కాగితానికి అతికించడానికి వేడి పుట్టించవలసి ఉంటుంది, దానికి కరెంటు ఎక్కువ లాగుతుంది, అందుకని దానిని మామూలు లైనులోనే ఉంచుతారు. ఉంచవలసింది కూడా అలాగే. కానీ కరెంటు పోయినప్పుడు కంప్యూటరు మెలకువగా ఉంటుంది, ప్రింటరు పడుకుంటుంది. సగం ప్రింటులో ఉన్న పని విఫలమవుతుంది. అప్పుడు కప్స్ ఆ ప్రింటరు వరుసను ఆపివేసి కూర్చుంటుంది. కరెంటు తిరిగి వచ్చి, ప్రింటరు మీద పచ్చదీపం నిలకడగా వెలుగుతున్నా, కప్స్ మాత్రం ఎవరో వచ్చి మొదలుపెట్టమనేదాకా మొదలుపెట్టదు.

చిన్నాన్న ఇంట్లో ఆ సాయంత్రం రెండో జబ్బు ఇదే. ప్రింటర్స్ పేజీలో ప్రింటరు పేరు నొక్కించి, పేరు పక్కన బ్రాకెట్లలో ఏముందో చదవమన్నాను. పాజ్డ్, యాక్సెప్టింగ్ జాబ్స్ అని చదివారు. పనులు తీసుకుంటోంది గానీ చేయడం లేదని దాని అర్థం. ఆ కిందే జాబితాలో చెల్లి దరఖాస్తు ఏడుసార్లు వరుసగా ఉంది. రావట్లేదని ప్రింటు బొత్తాన్ని నొక్కిన ప్రతిసారీ ఒకటి చేరింది. అప్పుడు గనక ప్రింటరును కదిలిస్తే ఏడు నకళ్లూ వచ్చేవి. ముందుగా ఆరింటి ఎదుట క్యాన్సిల్ జాబ్ నొక్కించి ఒక్కటే ఉంచి, ఆ తరువాత మెయింటెనెన్స్ అని ఉన్న జాబితాలో రెజ్యూమ్ ప్రింటర్ ఎంచుకోమన్నాను. ఫోనులో నాకు మొదట కాగితం లాగిన చప్పుడు, ఆ వెనకే "వచ్చీసింది, వచ్చీసింది" అన్న చెల్లి గొంతు వినిపించాయి.

మళ్లీ మళ్లీ ఇలా కాకుండా చేసుకోవచ్చు. అదే ప్రింటరు పేజీలో అడ్మినిస్ట్రేషన్ అన్న జాబితాలో సెట్ డిఫాల్ట్ ఆప్షన్స్ ఎంచుకొని, పాలసీస్ అనే భాగంలో ఎర్రర్ పాలసీ చూడాలి. అక్కడ స్టాప్ ప్రింటర్ అని ఉంటే, దానిని రిట్రై కరెంట్ జాబ్‌గా మార్చుకోవాలి. అప్పుడు పని విఫలమైనా వరుస ఆగిపోదు, కప్స్ వెంటనే అదే పనిని మళ్లీ ప్రయత్నిస్తుంది. కరెంటు కోతలున్న ఊళ్లో ఉన్నవారు ప్రింటరు చేర్చిన రోజే ఈ మార్పు చేసుకోవాలని నేను కోరుతున్నాను.

రిజెక్టింగ్ జాబ్స్ అని కనిపిస్తే అది వేరే సంగతి. ఆ వరుస కొత్త పనులను తీసుకోవడమే మానేసింది. మెయింటెనెన్స్ జాబితాలోనే యాక్సెప్ట్ జాబ్స్ ఎంచుకుంటే సరిపోతుంది.

ఖాళీగా ఉందని చెప్పే ఐడిల్ అన్న మాట ఉండి, పని పంపితే మాయమైపోయి, ఫిల్టర్ ఫెయిల్డ్ అని వస్తే, పనిని ప్రింటరుకు అర్థమయ్యే భాషలోకి మార్చే డ్రైవరు దగ్గర లోపం ఉంది. మన ఇళ్లలో, జిరాక్సు షాపుల్లో విరివిగా కనిపించే రెండు ప్రింటర్లను ఉదాహరణగా తీసుకుంటాను. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020లో తన పని తాను చేసుకునే సాఫ్ట్‌వేరు శాశ్వతంగా ఉండదు. స్విచ్చి వేసిన ప్రతిసారీ కంప్యూటరే దానికి ఆ సాఫ్ట్‌వేరు పంపాలి. లినక్స్‌లో ఆ పనిని హెచ్‌ప్లిప్ అనే డ్రైవరు తన ప్లగిన్, అంటే విడిగా చేర్చుకునే అదనపు భాగం, సాయంతో చేస్తుంది. ప్లగిన్ లేకపోతే ప్రింటరు పేజీలో కనిపిస్తుంది, పచ్చదీపం వెలుగుతుంది, కాగితం మాత్రం రాదు. హెచ్‌పీ-ప్లగిన్ అనే కమాండు ఇచ్చి అది అడిగినట్టు చేస్తే ప్లగిన్ వచ్చి చేరుతుంది, దీనికి నెట్ ఉండాలి. ఉబుంటును కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు హెచ్‌ప్లిప్ వెర్షన్ కూడా మారుతుంది. పాత ప్లగిన్ దానితో పొసగదు. నిన్నటిదాకా పనిచేసిన 1020 అప్‌గ్రేడ్ మర్నాడే మూగబోవడానికి ఇదే కారణం. ప్లగిన్‌ను మళ్లీ వేయాలి. ఇక కానన్ ఎల్‌బీపీ 2900కు క్యాప్ట్ అనే సొంత భాష తప్ప వేరే భాష రాదు. కప్స్ చూపించే సాధారణ డ్రైవర్ల జాబితాలో దగ్గరగా ఉన్న పేరేదో ఎంచుకుంటే ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితం ఉండదు, క్యాప్ట్ డ్రైవరునే వేయాలి. ఈ విషయం తెలియక పూటంతా పోగొట్టుకునేవారి కోసం ఇంత వివరంగా రాస్తున్నాను.

ప్రింటరు మీద నారింజరంగు దీపం మినుకుమంటూ, కాగితం ఉన్నా లేదన్నట్టు ఆగిపోతే, కాగితం కొలత చూడాలి. సెట్ డిఫాల్ట్ ఆప్షన్స్‌లో మీడియా సైజు లెటర్ అని ఉండి ఉంటుంది. లెటర్ 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 మిల్లీమీటర్ల పొడవు ఉండే అమెరికా కొలత. మన దగ్గర దొరికే ఏ4 కాగితం 210 వెడల్పు, 297 పొడవు. తనకు చెప్పిన కాగితం ట్రేలో లేదని ప్రింటరు ఎదురుచూస్తోంది. ఏ4 ఎంచుకొని భద్రపరిస్తే చాలు.

ప్రింటర్స్ పేజీలో ఒకే ప్రింటరు రెండు పేర్లతో కనిపించడం కూడా మామూలే. ఒకటి మనం చేర్చినది, రెండోది కంప్యూటరు తనంతట తానే కనిపెట్టి చేర్చుకున్నది. మనం పంపుతున్న పని పనిచేయని పేరుకు వెళ్తుంటుంది. ఒక్కో పేరు తెరిచి, మెయింటెనెన్స్‌లో ప్రింట్ టెస్ట్ పేజ్ ఎంచుకోవాలి. కాగితం వచ్చిన పేరును సెట్ యాజ్ సర్వర్ డిఫాల్ట్ చేసి, రెండోదాన్ని డిలీట్ ప్రింటర్‌తో తీసివేయాలి.

వైఫై ప్రింటరు చిరునామా మారినప్పుడు

వైఫై ప్రింటర్లకు కరెంటు కోత మరో రకంగా చెరుపు చేస్తుంది. మోడెమూ ప్రింటరూ రెండూ ఆగి మళ్లీ లేచినప్పుడు, మోడెము ప్రింటరుకు కొత్త చిరునామా ఇవ్వవచ్చు. నిన్న 192.168.1.5గా ఉన్నది నేడు 192.168.1.8 కావచ్చు. కప్స్ మాత్రం పాత ఇంటి తలుపే తడుతూ ఉంటుంది. ప్రింటరు పేజీలో కనెక్షన్ అనే వరుసలో కప్స్ నమ్ముతున్న చిరునామా కనిపిస్తుంది. ప్రింటరు తెర మీద నెట్‌వర్కు వివరాల్లో చూసినా, దాని నుంచి నెట్‌వర్కు వివరాల కాగితం తీసినా, అసలు చిరునామా తెలుస్తుంది. రెండూ కలవకపోతే జబ్బు దొరికినట్టే. ప్రింటరు చిరునామా 169.254తో మొదలైతే, దానికి మోడెము అసలు చిరునామాయే ఇవ్వలేదని అర్థం. అటువంటప్పుడు ముందుగా ప్రింటరును వైఫైకి మళ్లీ కలపాలి.

అడ్మినిస్ట్రేషన్ జాబితాలో మాడిఫై ప్రింటర్ ఎంచుకొని కొత్త చిరునామా ఇస్తే ఈ పూటకు పని జరుగుతుంది. శాశ్వతంగా కావాలంటే మోడెము సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట ఆ ప్రింటరుకు ఒకే చిరునామా కేటాయించాలి. వీలైతే ఇంకా మేలైన దారి ఉంది. మాడిఫై ప్రింటర్‌లో వచ్చే జాబితాలో అంకెలతో కాక పేరుతో కనిపించే ప్రింటరును ఎంచుకుంటే, అంకెలు ఎన్నిసార్లు మారినా కప్స్ పేరును బట్టే వెతుక్కుంటుంది. కంప్యూటరును అతిథుల కోసం పెట్టిన వైఫైలో ఉంచి, ప్రింటరును ఇంటి వైఫైలో ఉంచితే ఈ ప్రయత్నాలేవీ ఫలించవు. రెండూ ఒకే వైఫైలో ఉన్నాయో లేదో మొదటే చూసుకోవాలి.

యూఎస్‌బీ తీగతో కలిపిన కొత్తరకం ప్రింటర్ల సొంత సెట్టింగుల పేజీని కూడా కంప్యూటరు నుంచే చూడవచ్చు. ఐపీపీ-యూఎస్‌బీ అనే సర్వీసు నడుస్తుంటే, లోకల్‌హోస్ట్ పక్కన 631కి బదులు 60000 అని పెట్టి చూడండి. ఇంకు ఎంత ఉంది, హెడ్డు శుభ్రం చేయాలా అన్న వివరాలు ఆ పేజీలో కనిపిస్తాయి.

ఏదీ అంతుపట్టనప్పుడు

అడ్మినిస్ట్రేషన్ పేజీలో సేవ్ డీబగ్గింగ్ ఇన్ఫర్మేషన్ ఫర్ ట్రబుల్‌షూటింగ్ అన్న గడిలో టిక్కు పెట్టి, కింద ఛేంజ్ సెట్టింగ్స్ నొక్కాలి. ఇప్పుడు ఒకే ఒక్క పేజీ ప్రింటుకు పంపి, అది విఫలమయ్యేదాకా ఆగి, వ్యూ ఎర్రర్ లాగ్ నొక్కాలి. వచ్చే వందల వరుసలను చూసి బెదరనక్కరలేదు. ప్రతి వరుస మొదట ఒక అక్షరం ఉంటుంది. డి అంటే మామూలు వివరం, డబ్ల్యూ అంటే హెచ్చరిక, ఇ అంటే తప్పు. పేజీ చివరినుంచి పైకి వస్తూ ఇ అక్షరంతో మొదలయ్యే మొదటి వరుసను పట్టుకోవాలి. దానికి పైన ఉన్న పది పదిహేను వరుసల్లోనే అసలు కారణం ఉంటుంది. ఫలానా ఫైలు లేదనో, అనుమతి లేదనో, ప్రింటరు పలకడం లేదనో అక్కడ రాసి ఉంటుంది. తెలిసినవారిని సాయం అడిగేటప్పుడు ప్రింటరు పనిచేయడం లేదని చెప్పడం కన్నా, ఆ వరుసలను ఉన్నదున్నట్టు పంపితే పని త్వరగా తెములుతుంది. కారణం దొరికాక ఆ టిక్కు తీసివేయాలి. లేకపోతే ఆ ఫైలు రోజురోజుకూ పెరుగుతూ పోతుంది.